చెన్నపట్నంలో గైడ్‌తో హెరిటేజ్ వాక్: 700 పెట్టి వెళ్లొచ్చా?

నమస్తే అండి, అందరూ బాగున్నారా? వెనకాల హారన్ల మోత వినిపిస్తోంది కదా, నేనిప్పుడు చెన్నై ప్యారిస్ కార్నర్‌లో నిలబడి ఉన్నాను. స్టీలు గిన్నెల దగ్గర్నుంచి పెళ్లి కార్డుల దాకా ఏది కావాలన్నా మా ఇంట్లో ఇక్కడికే వస్తాం, చిన్నప్పట్నుంచీ ఎన్నిసార్లు వచ్చానో లెక్కే లేదు, కానీ తల ఎత్తి ఒక్క కట్టడాన్ని కూడా సరిగ్గా చూసింది లేదు. అందుకే పోయిన ఆదివారం మనిషికి 700 రూపాయలు కట్టి, మా అమ్మని తీసుకుని, గైడ్‌తో కోట నుంచి జార్జ్‌టౌన్ దాకా నడిచే టూర్‌కి వెళ్లాను. వెళ్లొచ్చా అంటే వెళ్లండి. కాకపోతే కొన్ని విషయాలు ముందే తెలుసుకుని వెళ్లండి.

మొదలు సెయింట్ జార్జ్ కోట దగ్గర. సెక్రటేరియట్, అసెంబ్లీ ఇప్పటికీ లోపలే ఉన్నాయి కాబట్టి గేటు దగ్గర చెకింగ్ ఉంటుంది, ఆధార్ లాంటిదేదైనా దగ్గర పెట్టుకోండి. గైడ్ కుర్రాడు మంచివాడు, చదువుకుని వచ్చాడు, అడిగినదానికి ఓపిగ్గా చెప్పాడు. కానీ ఈస్టిండియా కంపెనీ తరఫున ఈ చోటు సంపాదించిన ఫ్రాన్సిస్ డే అనే ఇంగ్లీషాయన గురించి పది నిమిషాలు చెప్పి, ఈ నేల ఎవరిచ్చారన్నది మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశాడు. నాకు మనసు ఒప్పలేదు. 1639 ఆగస్టు 22, ఇప్పుడు మద్రాస్ డే అని చేసుకుంటున్నారే, ఆ రోజు కంపెనీవాళ్లకి ఈ తీరం రాసిచ్చింది అప్పట్లో ఈ ప్రాంతాన్ని ఏలిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు. వాళ్ల నాన్న చెన్నప్ప నాయకుడి పేరు మీదే ఇది చెన్నపట్నం అయిందని ఎక్కువమంది చెప్పే మాట. రెండు వైపులా మాట కుదిర్చిన దుబాసీ బేరి తిమ్మన్న. దుబాసీ అంటే రెండు భాషలు తెలిసినవాడని, ఇద్దరూ తెలుగువాళ్లేనని నేనే మా గుంపులో పక్కవాళ్లకి చెప్పాను, వాళ్లు ఆశ్చర్యపోయారు.

కోటలో నాకు బాగా నచ్చింది సెయింట్ మేరీస్ చర్చి. 1680 నాటిది. పైకప్పు రెండడుగుల మందం, ఫిరంగి గుండు పడినా తట్టుకునేలా కట్టారు. దానికన్నా చర్చి చుట్టూ ఉన్న నేల చూడండి. అవన్నీ సమాధి రాళ్లు! ఫ్రెంచివాళ్ల ముట్టడి తర్వాత పాత శ్మశానంలోంచి తెచ్చి పలకల్లా పరిచేశారు. వాటిలో 1652లో పోయిన ఎలిజబెత్ బేకర్ అనే ఆవిడ రాయి కూడా ఉంది. కొన్ని అక్షరాలు వేలికి ఇంకా లోతుగా తగులుతున్నాయి, కొన్ని చెప్పుల రాపిడికి నున్నగా అరిగిపోయాయి. వాటి మీద నడవడానికి అమ్మకి కాళ్లు రాలేదు, పక్కనున్న మట్టి అంచు మీంచే చర్చి చుట్టూ తిరిగి వచ్చింది. ఎంతమంది నడుస్తున్నా తను మాత్రం ఒక్క రాయి మీదా కాలు పెట్టలేదు.

కోట లోపలి మ్యూజియంలో 1947 ఆగస్టు 15న ఇదే కోట మీద ఎగరేసిన జెండా ఉంది. మసక వెలుతురులో, అద్దం వెనకాల. అక్కడ కాసేపు ఉండండి, తొందరపడొద్దు. శుక్రవారం మ్యూజియానికి సెలవు.

అక్కణ్నుంచి హైకోర్టు. ఎర్ర ఇటుకల గోపురాలు, 1892లో పూర్తయింది. మమ్మల్ని లోపలికి తీసుకెళ్లలేదు, రోడ్డు మీంచే చూపించారు. ఇక్కడే టూర్ దెబ్బతింది: 18 మందికి ఒక్క గైడ్, చేతిలో మైకు లేదు, బస్సుల రొదలో సగం మాటలు గాలికి పోయాయి. 1914 సెప్టెంబర్ 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక ఊరి మీద గుండ్లు కురిపించిన సంగతి చెప్పే రాతిఫలకం కాంపౌండు గోడకి ఉంది, ముందున్నవాళ్లకి తప్ప అదేంటో ఎవరికీ వినపడలేదు. తమిళంలో గడుసువాణ్ని, మొండివాణ్ని ఇప్పటికీ ఎమ్డెన్ అంటారు, ఆ మాట ఈ ఓడదే.

ఆర్మేనియన్ చర్చి గురించి ఒక్క మాట. ప్రపంచంలోనే మొదటి ఆర్మేనియన్ పత్రిక 1794లో మన మద్రాసులో అచ్చయింది, అచ్చువేసిన ఫాదర్ సమాధి ఈ ఆవరణలోనే ఉంది. బయట అంత గోల, లోపల ఆకు రాలినా వినిపిస్తుంది.

ఇక నా అసలు బాధ. మొదట్లో చెన్నకేశవ పెరుమాళ్ గుడి ఇప్పుడు హైకోర్టు ఉన్న చోటే ఉండేది. శత్రువు చాటు చేసుకోకుండా, కోట మీంచి ఫిరంగులకి అడ్డులేకుండా ఉండాలని 1757లో ఇంగ్లీషువాళ్లు దాన్ని పడగొట్టారు. తర్వాత 1760ల్లో దేవరాజ ముదలి వీధిలో చెన్నకేశవుడికీ చెన్నమల్లేశ్వరుడికీ పక్కపక్కనే గుళ్లు కట్టారు. ఊరి పేరు ఈ గుడి నుంచే వచ్చిందనేవాళ్లూ ఉన్నారు, తమిళులు దీన్ని పట్టణం కోయిల్ అంటారు. చెన్నై కథంతా ఇక్కడికొచ్చి ఆగుతుంది కదా! మేము చేరేసరికి పన్నెండు దాటింది. తలుపులు వేసేశారు. కోటలో గంటన్నర, గుడి బయట అయిదు నిమిషాలు, ఫొటోలు, టాటా.

అమ్మ ముఖం చూసి ఉండబట్టలేక మర్నాడు పొద్దున్నే హైకోర్ట్ మెట్రో దిగి మేమిద్దరమే వెళ్లాం. ఫ్యాన్సీ షాపులు ఇంకా తెరవలేదు, తోపుడు బళ్లు దించుతున్నారు, వీధి నీళ్లు చల్లి తడిగా ఉంది. అమ్మ రెండు గుళ్లలోనూ అర్చన చేయించి, మా తాతయ్య చివరిదాకా ఈ ఊరిని పట్నం అనే పిలిచేవాడని గుర్తు చేసుకుంటూ మండపంలో చాలాసేపు కూర్చుంది.

నా రేటింగ్ 10కి 7. బుక్ చేసేముందు ఫోన్ చేసి రెండే అడగండి: మైకు ఉందా, గుడి తెరిచి ఉండగా తీసుకెళ్తారా? నేనైతే గుడి దగ్గర మొదలుపెట్టి కోట దగ్గర ముగించమని వాళ్లకి రాశాను, జవాబొస్తే కింద కామెంట్‌లో పిన్ చేస్తాను.