ముద్ర వేసే ముందు కథ చదవండి

మిత్రులారా, ఈ చెన్నైలో తెలుగు చదువుకునే మీకు విమర్శ పరాయి విద్య కాదు. ఇక్కడి క్రైస్తవ కళాశాలలో చదివిన కట్టమంచి రామలింగారెడ్డి 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ వెలువరించి, పింగళి సూరన కావ్యం ‘కళాపూర్ణోదయం’లో కథాకల్పన ఎలా నడిచిందో, పాత్రలు ఎంత బలంగా ఉన్నాయో నిలదీసి చూశారు.

విద్యార్థుల వ్యాసాల్లో తరచూ కనిపించే లోపం ఇది: మూడు పేజీలు కథ చెప్పి, ఆఖర్న ‘ఇది స్త్రీవాద రచన’ అని తేల్చేస్తారు. ఏ వాక్యాన్ని బట్టి అన్నారో చెప్పరు.

1910లో వచ్చిన గురజాడ కథ ‘దిద్దుబాటు’ తీసుకోండి. ముందు మీ దగ్గరున్నది ‘ఆంధ్రభారతి’ పత్రికలో అచ్చయిన పాఠమా, తర్వాత భాష మార్చి వేసిన పాఠమా చూసుకోండి. శైలి గురించి రాసేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. మొదటిసారి ఊరికే చదవండి. రెండోసారి పెన్సిల్ పట్టుకుని, ఎవరు మాట్లాడుతున్నారో, మనం ఎవరి కంటితో చూస్తున్నామో గీతలు పెట్టండి. కథంతా గోపాలరావు వెంటే నడుస్తుంది. అతని భార్య కమలిని తాను రాసిపెట్టిన ఉత్తరంలో ఉంటుంది, చివర మంచం కింది నవ్వులో ఉంటుంది. మధ్యలో ఎక్కడా ఎదుటికి రాదు. స్త్రీవాద ప్రశ్న ఇక్కడ పుడుతుంది: కనిపించని మనిషి కథను ఎలా నడిపింది? స్త్రీవిద్య గొప్పదనం గురించి నౌకరు రాముడికి ఉపన్యాసం ఇచ్చేది, అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరిన ఆ భర్తే. మాటకూ నడతకూ ఉన్న ఈ ఎడమే మీకు గట్టి సాక్ష్యం.

అదే కథను, చదివేవాళ్లలో ఏ రసం పుడుతుందో చూసే రససిద్ధాంతంతో చదివితే ప్రశ్న మారుతుంది. గోపాలరావుది నిజమైన దిగులే, మనకు మాత్రం హాస్యం. నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన విభావ (భావాన్ని పుట్టించే కారణం), అనుభావ (దాన్ని బయటపెట్టే చేష్ట), వ్యభిచారి (మధ్యలో వచ్చిపోయే) భావాలు ఏ వాక్యాల్లో ఉన్నాయో చూపించాలి. పేర్లు వల్లిస్తే చాలదు. మార్క్సిస్టు చదువరి రాముణ్ణి వదలడు: యజమాని కోపానికి దెబ్బ తినేది ఎవరు, అతని యాస ఎందుకు వేరు? నా మటుకు, ఈ కథలో మనం సరిగా చదవకుండా దాటేసిన పాత్ర రాముడే.

అన్ని సిద్ధాంతాలనూ ఒకే వ్యాసంలో కుక్కకండి. ఒక ప్రశ్న, దానికి మూడు నాలుగు వాక్యాల ఆధారం, మీ వాదనకు అడ్డొచ్చే వాక్యం ఒకటి. ఆ అడ్డొచ్చేదాన్ని దాచిపెట్టకుండా దానికి జవాబు రాయండి. వచ్చే తరగతికి ఒక్క పేజీ చాలు. అందులో రచయిత జీవితచరిత్ర వద్దు.