ఊరేగింపులో ముందు ఎవరు? మధ్యయుగ విశాఖపై స్టూడియో చర్చ

విశాఖపట్నంలో ఏటా సముద్రతీరాన జరిగే నగరోత్సవంలో ఒక సాయంత్రాన్ని పూర్తిగా మధ్యయుగ చరిత్రకు కేటాయించాలన్న ప్రతిపాదన, ఆ సాయంత్రపు ఊరేగింపులో కులోత్తుంగ చోళుని రథం అన్నిటికంటే ముందు నడవాలన్న ఆలోచన నగరంలో వాదోపవాదాలకు దారితీశాయి. దానిపై స్టూడియోలో జరిగిన చర్చ పాఠం ఇది. వక్తలు ఒకరి మాటకు ఒకరు అడ్డుపడిన చోట్లను కూడా సవరించకుండా ఉంచాం.

సమన్వయకర్త: నమస్కారం. ముగ్గురు వక్తలకూ సమాన సమయం ఇస్తాం. మొదటి ప్రశ్న ఉత్సవ నిర్వాహకుల ప్రతినిధి గారికి. ఈ రథాన్ని చూడటానికి బయటి ఊళ్ళ నుంచి పర్యాటకులు వస్తారంటారా?

నిర్వాహకుల ప్రతినిధి: నిస్సందేహంగా వస్తారు. మనకు ఇంతటి రాజు ఉండగా ఇన్నాళ్ళూ ఆయన పేరైనా తలచుకోకపోవడమే అన్యాయం. కులోత్తుంగుడు పరాయివాడు కాదు. రాజమహేంద్రవరాన్ని ఏలిన రాజరాజ నరేంద్రుని కుమారుడు. తల్లి అమ్మంగదేవి రాజేంద్ర చోళుని కుమార్తె. 1070లో చోళ సింహాసనం అధిష్ఠించి, వేంగినీ తంజావూరునూ ఒకే ఏలుబడి కిందికి తెచ్చాడు. మన పట్టణాన్ని శాసనాల్లో కులోత్తుంగ చోళ పట్టణమని కూడా పిలిచారు. సింహాచలంలో 1098 నాటి శాసనం ఆయన కాలానిదే. పట్టణమే ఆయన పేరు పెట్టుకున్నప్పుడు, ఊరేగింపులో ఆయన ముందుండటానికి అభ్యంతరం ఏమిటి?

చరిత్ర అధ్యాపకుడు: ఆ సింహాచల శాసనం విషయంలో ఒక సవరణ అవసరం. అందులో కనిపించే దాత రాజు కాదు. ఆయన ఏలుబడిలో జీవించిన ఒక వ్యక్తి తన సొంత భక్తితో చేసిన దానం అది. ఈ తేడా నాకు ఎంతో ముఖ్యం. ఎందుకంటే ఆ కొండ మీద గోడలకూ స్తంభాలకూ ఉన్న వందలాది శాసనాల్లో రాజుల పేర్లతో పాటు రాణులు, అధికారులు, వర్తకులు, మామూలు దాతలు కూడా...

నిర్వాహకుల ప్రతినిధి: రాజు కాలం కాబట్టే కదండీ శాసనంలో రాజు పేరు వచ్చింది!

చరిత్ర అధ్యాపకుడు: కాలాన్ని చెప్పడానికి రాజు పేరు రాస్తారు. దానం ఎవరిదన్నది వేరే సంగతి. నన్ను వాక్యం పూర్తి చేయనివ్వండి.

నిర్వాహకుల ప్రతినిధి: చేయండి. అయితే ఒక మాట వినండి, సుంకాలు ఎత్తివేసిన చోళుడని ఆయనకు బిరుదు ఉంది. 1077లో చైనాకు 72 మందితో వర్తక బృందం వెళ్ళింది ఆయన కాలంలోనే. రేవు పట్టణానికి ఇంతకంటే తగిన రాజు ఎవరున్నారు?

సమన్వయకర్త: చాలా ఆసక్తికరమైన విషయం. పర్యాటకం కోణంలో చైనా ప్రస్తావన బాగా ఉపయోగపడుతుంది. కటక్‌లో కార్తీక పూర్ణిమకు మొదలయ్యే బాలియాత్రకు ఎంతమంది తరలివస్తారో అందరికీ తెలుసు. పూర్వం ఒడిశా వర్తకులు సముద్రం దాటి వెళ్ళిన జ్ఞాపకమే అక్కడి వేడుక. మనం అంతటి జనాన్ని రప్పించగలమా? అమ్మా, మీరు చెప్పండి.

మత్స్యకార సంఘం ప్రతినిధి: జనం వస్తే మాకూ సంతోషమే. నా ప్రశ్న వేరు. ఓడల గురించి ఇంతసేపు మాట్లాడారు, ఆ ఓడల్లోని సరుకు ఒడ్డుకు ఎలా చేరిందో ఒక్కరూ చెప్పలేదు. ఈ తీరంలో లోపలి నౌకాశ్రయం ప్రారంభమైంది 1933లో. అంతకు ముందు ఎంత పెద్ద ఓడ వచ్చినా డాల్ఫిన్ నోస్ కొండకు ఇవతల, లోతు నీటిలో లంగరు వేసి ఆగాల్సిందే. అక్కడి నుంచి మూటలనూ మనుషులనూ అలలు విరిగే చోటు దాటించి ఒడ్డుకు చేర్చింది పడవవాళ్ళు. మేకు కొట్టకుండా, పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టిన పడవలు అవి. మేకులు కొట్టిన గట్టి పడవ ఆ అలల దెబ్బకు పగిలిపోతుంది, కుట్టిన పడవ అలతో పాటు వంగి నిలబడుతుంది. ఆ పని తెలిసినవాళ్ళు లేకపోతే ఏ రాజు రేవుకూ సుంకం వచ్చేది కాదు.

నిర్వాహకుల ప్రతినిధి: మత్స్యకారులకు మేం చోటు ఇచ్చాం. రథం వెనుక మీ నృత్య బృందం ఉంది.

మత్స్యకార సంఘం ప్రతినిధి: వెనుక నృత్యం చేయమని కాదు నేను అడిగింది. ముందు ఒక కుట్టు పడవ నడవాలని అడుగుతున్నాను. పడవ కట్టడం చూసిన పెద్దవాళ్ళు ఉండగానే...

నిర్వాహకుల ప్రతినిధి: పడవ ముందు నడిస్తే ఇది చరిత్రోత్సవం అవుతుందా, వృత్తి ప్రదర్శన అవుతుందా? పిల్లలకు రాజు పేరు గుర్తుంటుంది, పడవ గుర్తుండదు. నేను ఖచ్చితంగా చెబుతున్నాను.

[ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. కొన్ని వాక్యాలు వినిపించలేదు.]

చరిత్ర అధ్యాపకుడు: కులోత్తుంగ చోళ పట్టణం అన్న పేరు నిజమే. అదే కాలపు శాసనాల్లో ఇక్కడ అంజువన్నం అనే వర్తక సంఘం కూడా కనిపిస్తుంది. అది అరేబియా, పర్షియా వైపు నుంచి వచ్చిన సముద్ర వర్తకుల సంఘమని చరిత్రకారులు భావిస్తున్నారు. అంటే దాదాపు 900 ఏళ్ళ క్రితమే ఈ రేవులో వేరే భాష, వేరే మతం ఉన్నవాళ్ళు స్థిరపడి, ఇక్కడి ఆచారాల మధ్య వ్యాపారం చేసుకున్నారు. మధ్యయుగ విశాఖలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది ఇదే. ఊరేగింపు నమూనాలో మాత్రం వాళ్ళు ఎక్కడా లేరు. ఇక రాజు విషయానికి వస్తే, 1110 ప్రాంతంలో ఆయన సేనాని కరుణాకర తొండైమాన్ కళింగంపై దండెత్తాడు. ఆ దండయాత్రను ఎదుర్కొన్నది కళింగాన్ని ఏలిన గాంగ వంశపు రాజు అనంతవర్మ చోడగంగు. ఉత్తరాంధ్ర చరిత్రను గాంగుల వైపు నుంచి చూసేవాళ్ళకు ఈ రథం...

నిర్వాహకుల ప్రతినిధి: యుద్ధాలు చేయని రాజు ఎవరండీ? చోడగంగు తల్లి కూడా చోళుల ఆడపడుచే! వాళ్ళు బంధువులు. బంధువుల మధ్య తగవును పట్టుకుని మన రాజును పక్కన పెడతామా?

చరిత్ర అధ్యాపకుడు: పక్కన పెట్టమని నేను అనలేదు. ఒక్కరినే ముందు పెట్టవద్దంటున్నాను. సింహాచల ఆలయానికి నేటి రూపం 13వ శతాబ్దంలో గాంగుల ఏలుబడిలో వచ్చింది. ఆ గాంగుల్లో మొదటి నరసింహదేవుడు కోణార్క్ కట్టించిన రాజు. ఆ తరువాత 1516లో శ్రీకృష్ణదేవరాయలు ఒడిశా గజపతులపై దండయాత్రలో అక్కడికి వచ్చి శాసనం వేయించాడు. నలుగురైదుగురు రాజులు వచ్చి వెళ్ళినా రేవు మాత్రం ఇక్కడే ఉంది.

సమన్వయకర్త: కృష్ణదేవరాయల పేరు మీదైతే కర్ణాటక నుంచి కూడా పర్యాటకులు వచ్చే అవకాశం ఉంది కదా? తొట్లకొండ, బావికొండలను కూడా ఇందులో కలిపితే ఎలా ఉంటుంది? బౌద్ధ యాత్రికులు...

చరిత్ర అధ్యాపకుడు: అవి మధ్యయుగానికి ఎన్నో శతాబ్దాల ముందరివి. అన్నిటినీ ఒకే సాయంత్రంలో కుక్కితే చూసేవాళ్ళకు ఏ కాలమూ అర్థం కాదు.

సమన్వయకర్త: ఆదాయం మాటేమిటి? హోటళ్ళు నిండుతాయా లేదా అన్నది కూడా ముఖ్యమే కదా?

మత్స్యకార సంఘం ప్రతినిధి: హోటళ్ళు నిండటం కోసమే అయితే దీనికి చరిత్రోత్సవం అని పేరు పెట్టనవసరం లేదు.

చరిత్ర అధ్యాపకుడు: రేవు సుంకం గురించి ఆమె ఇందాక అన్నదాన్ని బలపరిచే రాతిపత్రం ఒకటి దక్షిణాన మోటుపల్లి రేవులో ఉంది. 1244లో కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం అది. అంతకు ముందు రాజులు గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును స్వాధీనం చేసుకునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చేవారికి ధనమే ప్రాణం కదా అని, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాది వదిలేస్తానని ఆయన మాట ఇచ్చాడు. సుంకం ముప్పైలో ఒక వంతు. ఒక రాజు గొప్పతనాన్ని చూపించాలంటే ఇలాంటి మాటను చూపించాలి. కిరీటం, కత్తి మాత్రమే చూపిస్తే...

నిర్వాహకుల ప్రతినిధి: నేను చెప్పింది కూడా అదే! సుంకాలు ఎత్తివేసిన రాజు అని మొదట్లోనే అన్నాను. గణపతిదేవుడు సుంకం తగ్గించాడు, మావాడు ఎత్తివేశాడు. ఇప్పుడు చెప్పండి, ఎవరు గొప్ప?

చరిత్ర అధ్యాపకుడు: పోటీ పెట్టడం నా ఉద్దేశం కాదు.

నిర్వాహకుల ప్రతినిధి: పోటీ కాదు, వాస్తవం. రథం ఉంటుంది, ముందే ఉంటుంది. దాని మీద ఆయన పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది. సముద్రాన్ని నమ్ముకున్న పట్టణానికి తన రాజు ఎవరో తెలియాలి. ఈ మాట వందసార్లయినా చెబుతాను.

మత్స్యకార సంఘం ప్రతినిధి: పడవ సంగతి తేల్చలేదు.

సమన్వయకర్త: అమ్మా, సమయం అయిపోవచ్చింది. ప్రతినిధి గారూ, ముగింపుగా ఒక్క నిమిషం మీకే ఇస్తున్నాను. పర్యాటకులకు మీ సందేశం?

చరిత్ర అధ్యాపకుడు: అంజువన్నం వర్తకులకు ఒక శకటమైనా...

నిర్వాహకుల ప్రతినిధి: అధ్యాపకుల వారూ, నిమిషం నాది. దేశంలో ఏ మూల ఉన్నవారైనా వచ్చి, కులోత్తుంగ చోళ పట్టణాన్ని చూడాలి. రథం నమూనా ఇప్పటికే సిద్ధమవుతోంది. వర్తకుల శకటం, పడవ విషయాలు కమిటీ సమావేశంలో పరిశీలిస్తాం.

మత్స్యకార సంఘం ప్రతినిధి: ఆ సమావేశానికి మమ్మల్ని పిలుస్తారా?

సమన్వయకర్త: విరామం తరువాత వాతావరణ వార్తలు.