గిరాకీ ఎవరి చేతిలో ఉంది?

వేదిక మీద ఉన్న పెద్దలకు, గల్లాపెట్టె ఇంకొకరికి అప్పగించి వచ్చిన వ్యాపారులకు, కామర్స్ చదువుతున్న పిల్లలకు నమస్కారం.

తిరుపతిలో వ్యాపారం చాలాకాలం యాత్రికుడు ఆగడం మీదే నడిచింది. రైలో బస్సో దిగేవాడు. దర్శనం ఎప్పుడవుతుందో తెలియదు కాబట్టి ఒక పూట ఊళ్లో ఉండేవాడు, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల తిరిగేవాడు. గాంధీ రోడ్డుకు, తిలక్ రోడ్డుకు అన్నం పెట్టింది ఆ పూటే. ఇప్పుడు మూడు వందల రూపాయల దర్శనం టికెట్టు నెలల ముందే ఫోన్‌లో బుక్ అవుతోంది. ఏ రోజు ఏ గంటకు క్యూలో నిలబడాలో ఇంట్లో ఉండగానే తెలుస్తోంది. 2023 సెప్టెంబరులో ప్రారంభమైన శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ ఎక్కితే కారు ఊరి మీదుగా అలిపిరి వైపు వెళ్లిపోతుంది. భక్తులకు ఇది మేలే, అందులో అనుమానం లేదు. కానీ కింద అంగడి ముందు ఆగాల్సిన అవసరం వాళ్లకు తగ్గిపోయింది.

అదే సమయంలో ఊళ్లో కాపురం ఉండే జనం పెరిగారు. 2007లో కార్పొరేషన్ అయ్యాం, 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రం అయ్యాం. 2015లో ఐఐటీ, సైన్సు చదువుల సంస్థ ఐసర్ వచ్చాయి. రేణిగుంట వైపు ఫ్యాక్టరీలు, అటు శ్రీసిటీ పారిశ్రామికవాడ. వీటి వల్ల నెల జీతం మీద బతికే కుటుంబాలు అపార్ట్‌మెంట్లలో దిగాయి. యాత్రికుడు ఏడాదికి ఒకసారి వస్తాడు, వీళ్లు నెలనెలా కొంటారు. నన్నడిగితే మన అసలు గిరాకీ ఇక వీళ్లే. కాకపోతే వీళ్ల చేతిలో ఫోన్ ఉంది, అందులో పది నిమిషాల్లో సరుకు తెచ్చిస్తామనే యాప్‌లు ఉన్నాయి.

మన కిరాణా అంగళ్లలో పొడుగు ఖాతా పుస్తకం ఉండేది, గుర్తుందా? ఒక పేజీ తీస్తే, “పై పోర్షన్ మేడమ్, సోనామసూరి 25 కిలోలు, కందిపప్పు 2, పల్లీ నూనె 3.” పక్కన చిన్న అక్షరాలతో, “పాప ఫీజు కట్టారు, పదో తేదీ తర్వాత ఇస్తారు.” ఆ ఇంట్లో ఏ బియ్యం తింటారో, ఎప్పుడు చేతిలో డబ్బు ఆడదో అంగడాయనకు తెలుసు. ఆ జ్ఞాపకమే వ్యాపారం. ఈరోజు అది యాప్ దగ్గరికి పోతోంది. ఫుడ్ యాప్‌లో ఇడ్లీ పార్సిల్ అమ్మిన హోటల్ ఓనర్ కమీషన్ ఇస్తాడు. కానీ తిన్న మనిషి ఎవరో, మళ్లీ ఎలా పిలవాలో ఆయనకు తెలియదు. కమీషన్ కన్నా పెద్ద నష్టం ఇదే అని నేను గట్టిగా నమ్ముతాను. యాప్‌లో అమ్మండి, వద్దనను. అయితే కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్ల నంబరు వాళ్లనే అడిగి రాసుకోండి. వాట్సాప్‌లో ఆర్డరు తీసుకుని, మీ కుర్రాడితోనే పంపండి.

ఇక క్యూఆర్ కోడ్ సంగతి. యూపీఐ 2016లో వచ్చింది. 2020 జనవరి నుంచి దాని మీద వచ్చే ప్రతి చెల్లింపుకూ వ్యాపారి బ్యాంకుకు కట్టాల్సిన ఎండీఆర్ అనే చార్జీ కూడా తీసేశారు. పూలమ్మే అక్క దగ్గర కూడా ఇప్పుడు స్టిక్కర్ ఉంది. కానీ 2025 జులైలో బెంగళూరులో యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు పంపారు. ఆ టెన్షన్ మన దాకా వచ్చింది. “క్యూఆర్ తీసేద్దామా సార్?” అని అడిగేవాళ్లున్నారు.

తీయకండి. మన రాష్ట్రంలో సరుకులు మాత్రమే అమ్మేవారికి ఏడాది టర్నోవర్ 40 లక్షలు, సేవలకైతే 20 లక్షలు దాటితేనే మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. పాలు, పచ్చి కూరగాయల్లాంటి వాటి మీద పన్నే లేదు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఇంటి డబ్బూ అంగడి డబ్బూ ఒకే ఖాతాలో పడటం దగ్గర. బావమరిది తిరిగిచ్చిన చేబదులు, చీటీ పాడిన డబ్బు, కూతురు పంపిన ఖర్చులు, అన్నీ చూసేవాళ్లకు అమ్మకాల్లాగే కనిపిస్తాయి. నోటీసు వస్తే ఏది ఏమిటో విడదీసి చూపించే భారం మన మీద పడుతుంది. అందుకే అంగడికి వేరే ఖాతా తెరవండి. ఈ వారంలోనే తెరవండి.

ఆ ఖాతా వల్ల ఇంకో లాభం కూడా ఉంది. తోపుడు బండి మీద అమ్మేవాళ్లు ఇంతకాలం రోజువడ్డీకి తెచ్చుకున్నారు. పొద్దున ఇచ్చేటప్పుడే వడ్డీ పట్టుకుని మిగతాది చేతిలో పెట్టే పద్ధతి ఇక్కడ అందరికీ తెలిసిందే. బ్యాంకు ఈ బండివాళ్లను నమ్మలేదు, ఎందుకంటే వీళ్ల అమ్మకానికి కాగితం లేదు. 2020లో వీధి వ్యాపారులకు అప్పిచ్చే కేంద్ర పథకం పీఎం స్వనిధి మొదలై పూచీకత్తు లేకుండా తొలి విడత 10 వేలు ఇచ్చింది. సరిగా కట్టినవాళ్లకు తర్వాతి విడతల్లో పెద్ద మొత్తం, డిజిటల్ చెల్లింపులు తీసుకుంటే క్యాష్‌బ్యాక్ ఇచ్చింది. రోజూ పడే ఇరవైలు, యాభైలు ఆరు నెలలు వరసగా స్టేట్‌మెంటులో కనిపిస్తే, చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర లోను అడగడానికి వెళ్లినప్పుడు మేనేజరు ముందు పెట్టడానికి మన దగ్గర ఏదో ఒకటి ఉంటుంది.

కామర్స్ పిల్లలకు ఒక మాట. మీ వీధిలో ఒక్క అంగడిని ఎంచుకోండి. ఆ అన్నకో అక్కకో కరెంట్ ఖాతా తెరిపించి, నెలాఖరున స్టేట్‌మెంటు దగ్గర కూర్చుని ఏది అమ్మకం, ఏది చేబదులు అని పెన్సిల్‌తో గుర్తు పెట్టించండి. మీ ప్రాజెక్టు వర్కుకూ అది పనికొస్తుంది.

స్టేట్‌మెంటు వెంట తెచ్చుకున్నవాళ్లు ఉంటే ముందు వరసలోకి రండి. టీ తాగుతూ ఇప్పుడే చూద్దాం.