క్రౌన్ మార్చాక మీటరు సంగతి

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఐటీఐ కుర్రాళ్ళు, వెనక గోడవారగా మా షెడ్ల వాళ్ళు. వెనక నిలబడ్డ వాళ్ళలో సగం మంది నాకంటే ఎక్కువ క్రౌన్లు, అంటే వెనక ఇరుసులో చక్రాల్ని తిప్పే పెద్ద గేర్లు, విప్పినవాళ్ళే. కాబట్టి విప్పడం, బిగించడం గురించి చెప్పను. బిగించాక నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను.

ఒక పాత ప్యాసింజర్ జీపు. ఫోర్ వీల్ కాదు, వెనక చక్రాలు మాత్రమే లాగే బండి. చాలా ఏళ్ళు సాలూరు ఘాటీ వైపు తిరిగింది. క్రౌన్‌కి 43 పళ్ళు, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌కి 8. అంటే పినియన్ 5.375 చుట్లు తిరిగితే క్రౌన్ ఒక చుట్టు, అదే రేషియో. కొండ ఎక్కడానికి మంచిదే గానీ, సాఫు రోడ్డు మీద ఇంజను గోల పెట్టేస్తుంది. ఓనరు ఘాటీ కిరాయిలు మానేసి, నాతవలస మీదుగా శ్రీకాకుళం హైవే పట్టుకున్నాడు. "తమ్ముడూ, కొంచెం స్పీడు క్రౌన్ వెయ్యి" అన్నాడు. వేశాను. 39 పళ్ళకి 8. రేషియో 4.875. బండి హాయిగా సాగింది. డబ్బులు తీసుకున్నాను, మూడు లాంతర్ల దగ్గర ఇద్దరం టీ కూడా తాగాం.

పది రోజులకి తిరిగొచ్చాడు. "ఏటి తమ్ముడూ, నువ్వు సేసిన పని? పదకొండిచ్చే బండి పదిన్నరకి వచ్చేసినాది. డీజిల్ తాగేస్తంది" అన్నాడు.

నేను పంపు చూశాను, ఫిల్టర్ మార్చాను, బ్రేకులు పట్టేస్తున్నాయేమోనని నాలుగు చక్రాలూ తిప్పి చూశాను. రోజున్నర పోయింది. ఆఖరికి మీటరు వైపు చూస్తే తట్టింది. తప్పు చెబుతున్నది బండి కాదు, మీటరు.

ఎందుకో చెబుతాను. ఈ బండ్లలో మీటరు కేబుల్ చక్రం దగ్గర నుంచి రాదు. గేర్‌బాక్స్ వెనక, పినియన్‌ని తిప్పే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్‌తో పాటు తిరిగే ఒక గేరు ఉంటుంది. అది చిన్న ప్లాస్టిక్ గేరును తిప్పుతుంది, ఆ గేరు కేబుల్‌ని తిప్పుతుంది. షాఫ్ట్ 5.375 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరిగిందని నమ్ముకుని కంపెనీవాళ్ళు ఆ గేరుకు పళ్ళు పెట్టారు. మనం హౌసింగ్‌లో, అంటే క్రౌన్ ఉండే పెట్టెలో, పళ్ళు మార్చేశాం. ఆ సంగతి మీటరుకి ఎవరు చెబుతారు? అది పాత లెక్కే చదువుతుంది. 5.375ని 4.875తో భాగిస్తే 1.10. అంటే మీటరు 60 చూపిస్తుంటే బండి 66 మీద పోతోంది. మీటరు లెక్కలో 100 కిలోమీటర్లు పడేసరికి, రోడ్డు మీద 110 అయిపోయాయి.

ఇప్పుడు మైలేజీ చూడండి. ఆయన మీటరు ప్రకారం లీటరుకి పదిన్నర. దాన్ని 1.10తో గుణిస్తే 11.55. అంటే మైలేజీ తగ్గలేదు, పెరిగింది! అయినా తిట్లు నాకే పడ్డాయి. అదే ఎవరైనా కొండల కోసం పెద్ద రేషియో వేయించుకుంటే కథ తిరగబడుతుంది. మీటరు ఎక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది, ఓనరు మైలేజీ పెరిగిందని మురిసిపోతాడు. అలాంటప్పుడు ఎవరూ మన షెడ్డుకి తిరిగి రారు, అదొక సుఖం.

సరే, ఎలా సరిచేయాలి? ఇక్కడే మనవాళ్ళు అడ్డదారి తొక్కుతారు. డాష్‌బోర్డు విప్పి ముల్లు పీకి, కాస్త ముందుకి జరిపి పెడతారు. ఇది చేయకండి. మీటరులో ఉన్నది రెండు పనులు. కేబుల్ చివర ఒక అయస్కాంతం తిరుగుతుంది. దాన్ని తాకకుండా ఒక అల్యూమినియం గిన్నె ఉంటుంది. అయస్కాంతం తిరిగేకొద్దీ గిన్నెలో కరెంటు సుడులు పుట్టి దాన్ని తమతో లాగుతాయి, సన్నటి స్ప్రింగ్ వెనక్కి పట్టుకుంటుంది. గిన్నెకే ముల్లు. 1902లో జర్మనీలో ఓటో షూల్జే పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది, కేబుల్ మీటర్లలో ఈనాటికీ ఇదే. రెండోది కిలోమీటర్ల లెక్క. దానికి అయస్కాంతంతో, స్ప్రింగ్‌తో పని లేదు. కేబుల్ ఎన్ని చుట్లు తిరిగితే అన్ని పళ్ళు జరుగుతుంది, అంతే.

ముల్లు జరిపితే ఏమవుతుంది? మన గంటస్తంభం గడియారం గంటకి ఆరు నిమిషాలు వెనకబడుతోందనుకోండి. పొద్దున్నే ఎక్కి ముల్లు సరిచేస్తే ఆ ఒక్క క్షణం టైము కరెక్టు. మధ్యాహ్నానికి మళ్ళీ మామూలే. ఇదీ అంతే. 60 దగ్గర సరిపెట్టిన ముల్లు 30 దగ్గర ఎక్కువ చూపిస్తుంది, 90 దగ్గర తక్కువ చూపిస్తుంది. కిలోమీటర్ల లెక్క ఎలాగూ తప్పే.

అందుకే బండి రాగానే ముందు కిలోమీటర్ల లెక్క చూడండి, ముల్లు తర్వాత. గజపతినగరం రోడ్డు మీద కిలోమీటరు రాళ్ళు చూసుకుంటూ పది కిలోమీటర్లు నడపండి. మీటరులో ఎంత తిరిగిందో రాసుకోండి. తర్వాత ముల్లు 60 మీద నిలిపి, ఒక రాయి నుంచి ఇంకో రాయికి ఎన్ని సెకన్లో పక్కవాడిని చూడమనండి. 3600ని ఆ సెకన్లతో భాగిస్తే అసలు స్పీడు. 54 సెకన్లకి రాయి వచ్చేస్తే 66 మీద ఉన్నట్టు. ఫోన్లో జీపీఎస్ కూడా పనికొస్తుంది, కాకపోతే తిన్నటి రోడ్డు మీద, ఒకే స్పీడులో చూడాలి. లెక్కా ముల్లూ రెండూ ఒకే పాళ్ళలో తప్పితే రోగం గేరుది. లెక్క సరిగ్గా ఉండి ముల్లు ఒక్కటే తప్పితే రోగం మీటరుది. ముల్లు వణుకుతుంటే కేబుల్ ఎక్కడో మరీ వంగిపోయి ఉంటుంది.

గేరుది అని తేలాక లెక్క సులువు. పాత గేరు పళ్ళని కొత్త రేషియోతో గుణించి, పాత రేషియోతో భాగించండి. మా జీపు గేరుకి 17 పళ్ళు. 17 ఇంటూ 4.875, భాగించు 5.375. వచ్చింది 15.4. సగం పన్ను గేరు ఎవరూ చేయరు కదా. 15 వేయాలా, 16 వేయాలా? 16 వేస్తే మీటరు మూడున్నర శాతం తక్కువ చూపిస్తుంది. 15 వేస్తే మూడు శాతంలోపు ఎక్కువ చూపిస్తుంది. నేను 15 వేశాను. మీటరు ఎక్కువ చూపిస్తే డ్రైవరు ఇంకాస్త నెమ్మదిగా పోతాడు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 39వది కూడా ఇదే అంటుంది: మీటరు అసలు స్పీడు కంటే తక్కువ చూపించకూడదు, ఎక్కువైతే పదిశాతం మీద మరో నాలుగు కిలోమీటర్ల దాకా పరవాలేదు.

కొన్ని గేర్‌బాక్సుల్లో పళ్ళు మారితే గేరు సైజు మారి, అది కూర్చునే గూడుని కూడా తిప్పి పెట్టాలి. లేకపోతే వారంలో పళ్ళు అరిగిపోతాయి. కావలసిన గేరు దొరక్కపోతే కేబుల్‌కి మధ్యలో పెట్టే చిన్న రేషియో పెట్టెలు ఉంటాయి. ఫోర్ వీల్ జీపుకి మాత్రం ముందూ వెనకా రెండు క్రౌన్లూ మార్చాల్సిందే. మీటరు సంగతి తర్వాత, ఫోర్ వీల్ వేసిన రోజు బండే బిగుసుకుపోతుంది.

కేబుల్ లేని బండ్లు వస్తే? గేర్‌బాక్స్ మీద సెన్సర్ ఉన్నవాటికి ఇదే గొడవ, కాకపోతే గేరు బదులు స్కానర్‌తో రేషియో మార్చాలి. స్పీడుని బ్రేకుల ఏబీఎస్ సెన్సర్ల నుంచి, అంటే చక్రం దగ్గరే తీసుకునే బండ్లకి క్రౌన్ మారినా ఏమీ కాదు. టైరు సైజు మారితేనే తేడా.

ఆఖరుది. రేషియో ఎంతో ఓనరు నోటిమాట నమ్మకండి, హౌసింగ్ విప్పక్కర్లేకుండానే చూడొచ్చు. ముందు చక్రాలకి రాళ్ళు పెట్టి, గేరు న్యూట్రల్ చేసి, వెనక ఒక్క చక్రమే జాకీ ఎత్తండి. ఆ చక్రాన్ని రెండు చుట్లు తిప్పితే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే రేషియో. రెండు చుట్లు ఎందుకంటారా? కింద ఆనిన చక్రం కదలదు కాబట్టి, పైనున్నది రెట్టింపు తిరుగుతుంది. రెండు చుట్లతో సరిగ్గా తేలదు, ఇరవై తిప్పి పదితో భాగించండి.

బయట ఒక జీపు జాకీ మీద ఉంది. దాని రేషియో నాకు తెలుసు, చెప్పను. ఒకరు చక్రం తిప్పండి, ఒకరు కింద పడుకుని షాఫ్ట్ మీద సుద్దగీత చూసి లెక్కపెట్టండి. పదండి.