అమెరికాలో 13 ఏళ్ల మద్యనిషేధం: అసలు కథ ట్యాక్స్‌ది

(స్క్రీన్ మీద: పీపాలు పగలగొట్టి మందు కాలువలోకి పారబోస్తున్న పాత ఫొటో)

నమస్తే! ముందు ఒక చిన్న ప్రశ్న. 1920 నుంచి 1933 దాకా అమెరికా అంతటా మద్యనిషేధం ఉంది కదా, మరి ఎవరైనా ఇంట్లో కూర్చుని ఒక పెగ్గేసుకుంటే నేరమా? కాదు. చట్టం ఆపింది తయారీని, అమ్మకాన్ని, రవాణాని. తాగడాన్ని కాదు. అందుకే డబ్బున్నోళ్లు 1920 జనవరి 17 రాకముందే ఇళ్లల్లో సరుకు నింపేసుకున్నారు.

అసలు ఈ ఉద్యమానికి ఊపిరి పోసింది ఆడవాళ్లు. మొగుడు కూలి డబ్బులన్నీ సెలూన్లో తగలేసి వస్తే (సెలూన్ అంటే క్షవరం షాపు కాదండీ, అక్కడ బార్) ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? కాన్సాస్‌లో క్యారీ నేషన్ అనే ఆవిడైతే చేతిగొడ్డలి పట్టుకుని బార్లలో దూరి సీసాలు పగలగొట్టేది. 1992లో సారా మీద తిరగబడ్డ మన దూబగుంట ఆడవాళ్లు గుర్తొచ్చారా? నాకైతే వాళ్లే గుర్తొచ్చారు.

కానీ ప్రభుత్వానికి మందు పన్నే పెద్ద ఆదాయం, ఒక దశలో కేంద్రం రాబడిలో దాదాపు మూడో వంతు. బంగారు బాతుని ఎవరు కోసుకుంటారు? 1913లో ఇన్‌కమ్ ట్యాక్స్ వచ్చాకే ఆ బెంగ తీరింది. దానికి తోడు 1917లో జర్మనీతో యుద్ధం, పెద్ద బీరు కంపెనీలేమో పాబ్‌స్ట్, ష్లిట్జ్, బుష్ లాంటి జర్మన్ మూలాలున్న కుటుంబాలవి. ఇంకేముంది, 1919 జనవరిలో మద్యనిషేధం తెచ్చే 18వ రాజ్యాంగ సవరణ ఖాయమైపోయింది.

తర్వాత మొదలైంది తమాషా. డాక్టర్ చీటీ రాస్తే మందుల షాపులో విస్కీ ఇచ్చేవాళ్లు. చర్చి పూజకి వైన్ ఓకే. ఎండబెట్టిన ద్రాక్ష గుజ్జుని ఇటుకల్లా చేసి అమ్మేవాళ్లు, దాని మీద ఒక హెచ్చరిక: నీళ్లలో కలిపాక 20 రోజులు అల్మారాలో పెట్టకండి, పెడితే వైన్ అయిపోతుంది! వద్దంటూనే పద్ధతి మొత్తం చెప్పేశారు చూడండి.

నవ్వు రాని సంగతి ఇంకొకటుంది. ఫ్యాక్టరీలకిచ్చే ఆల్కహాల్‌ని దొంగలు మందుగా మార్చి అమ్ముతున్నారని, ఎవరూ తాగకుండా అందులో కలిపే విషాన్ని 1927 నుంచి ప్రభుత్వమే ఇంకా పెంచింది. జనం తాగుతున్నారని తెలిసీ. చాలామంది చచ్చిపోయారు, కొందరికి కళ్లు పోయాయి. నేనైతే దీన్ని హత్య అనే అంటాను.

(స్క్రీన్ మీద: అల్ కపోన్ ఫొటో)

చికాగోలో దొంగ మందుతో కోట్లు వెనకేసిన ఈయన 1931లో ఏ కేసులో దొరికాడు? మందూ కాదు, హత్యా కాదు, పన్ను ఎగవేత! దొంగ సంపాదనకీ ట్యాక్స్ కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 1927లోనే తేల్చేసింది, ఆ దారిలోనే 11 ఏళ్ల శిక్ష పడింది.

ఇంతలో 1929లో మార్కెట్ కుప్పకూలింది. జనానికి ఆదాయమే లేకపోతే ఇన్‌కమ్ ట్యాక్స్ ఎక్కడిది? ఖజానాకి మళ్లీ మందు మీదే మనసు పోయింది. 1933 ఏప్రిల్‌లో ముందు బీరు వదిలారు, డిసెంబర్ 5న 21వ సవరణతో నిషేధమే ఎత్తేశారు. మన దగ్గర 1995లో ఎన్టీఆర్ పెట్టిన నిషేధాన్ని 1997లో ఎత్తేసినప్పుడు కూడా వినిపించిన మాట ఖజానానే.

మిసిసిపీ రాష్ట్రం మాత్రం 1966 దాకా నిషేధాన్ని వదల్లేదు. కాకపోతే 1944 నుంచి అక్కడ దొంగ సరుకు అమ్మకాల మీద 10 శాతం పన్ను ఉండేది. అంటే మందు అమ్మడం నేరం, అమ్మితే మాత్రం ట్యాక్స్ కట్టాలి.