లండన్ వెళ్తున్నారా? ముందు గది సంగతి చూసుకోండి

అందరికీ నమస్కారం. సెప్టెంబర్ ఇన్‌టేక్‌కి లండన్ వెళ్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ముందు వరసల్లో ఉన్నారు, పంపిస్తున్న అమ్మానాన్నలు వెనక కూర్చున్నారు. నేను ఇద్దరితోనూ మాట్లాడాలి. వీసా కాగితాలు, బ్యాగులో ఎన్ని కిలోలు, కుక్కర్ పట్టుకెళ్లాలా వద్దా, ఇవన్నీ మీకు ఇప్పటికే పదిమంది చెప్పి ఉంటారు. నేను గది గురించే చెప్తాను, ఎందుకంటే అక్కడ నా మొదటి సంవత్సరం పాడైందీ గది వల్లే, మళ్లీ కుదుటపడిందీ గది వల్లే.

నేను నరసరావుపేట నుంచి వెళ్లాను. ఇక్కడ ఉండగానే వాట్సాప్‌లో నాలుగు ఫొటోలు చూసి డిపాజిట్ పంపేశాను. దిగి వెళ్లి చూస్తే ఆ అడ్రసులో ఇల్లు ఉంది, అందులో ఎవరో కుటుంబం కాపురం ఉంటోంది, నా పేరు కూడా వాళ్లకి తెలీదు. డబ్బు తీసుకున్న మనిషి మళ్లీ ఫోన్ ఎత్తలేదు. విమానంలో పరిచయమైన అబ్బాయి తనతో రమ్మంటే ఆ రాత్రి వాళ్ల గదిలో నేల మీద పడుకున్నాను. ఒక్క రాత్రి అనుకున్నది నాలుగు నెలలైంది. నాతో కలిపి ఆ గదిలో ఆరుగురం. ఇంటికి ఫోన్ చేసిన ప్రతిసారీ "గది బాగుంది నాన్నా" అనే చెప్పాను.

అందుకే చెప్తున్నా, కళ్లతో చూడని గదికి ఒక్క పౌండు కూడా పంపకండి. మొదటి రెండు మూడు వారాలకి యూనివర్సిటీ హాస్టల్ గానీ, యూనివర్సిటీ అకామడేషన్ ఆఫీసు చూపించిన చోటు గానీ బుక్ చేసుకోండి. ఖర్చు ఎక్కువే, తెలుసు. కానీ ఆ రెండు వారాల్లో మీరు తిరిగి, చూసి, ఓనర్‌తో ఎదురుగా మాట్లాడి తీసుకున్న గదిలో ఏడాదంతా ఉండబోతున్నారు.

డబ్బు దగ్గర భయపడకుండా అడగండి. మామూలు అద్దె గదికి డిపాజిట్ 5 వారాల అద్దెకి మించి తీసుకోకూడదని అక్కడ చట్టం ఉంది. గది మీ కోసం ఆపి ఉంచడానికి ముందుగా అడిగే సొమ్ము ఒక వారం అద్దె దాటకూడదు. ఇచ్చిన డిపాజిట్‌ని ఓనర్ 30 రోజుల్లోపు ప్రభుత్వం గుర్తించిన డిపాజిట్ రక్షణ స్కీములో భద్రం చేసి, ఏ స్కీమో మీకు చెప్పాలి. ఓనర్ కూడా అదే ఇంట్లో ఉంటూ ఒక గది ఇస్తే మాత్రం ఈ స్కీము రూలు వర్తించదు, కాబట్టి అలాంటి చోట రసీదు విషయంలో ఇంకా జాగ్రత్త.

ఇక ఈస్ట్‌హామ్, తూర్పు లండన్‌లో మనవాళ్లు ఎక్కువగా ఉండే పేట. మీలో సగం మంది అక్కడికే వెళ్తారు. స్టేషన్ బయటికొచ్చి హై స్ట్రీట్ నార్త్ వెంట నడుస్తుంటే కరివేపాకు, ఇడ్లీ బియ్యం, దోసెల వాసన, ఇంకొంచెం ముందుకెళ్తే మహాలక్ష్మి అమ్మవారి గుడి. మొదటి నెలలో ఆ వీధి నన్ను చాలా ఆదుకుంది, వెళ్లొద్దని నేనెప్పుడూ చెప్పను. కానీ మనవాళ్లు ఉన్నారు కదా అని ఆరుగురు పడుకునే గదికి ఒప్పుకోకండి. ఒకే కుటుంబం కాని ఐదుగురు, అంతకంటే ఎక్కువ మంది కలిసి ఉండే ఇంటికి కౌన్సిల్, అంటే అక్కడి మున్సిపాలిటీ, ఇచ్చే లైసెన్స్ కావాలి. అలాంటి ఇంట్లో ఒకరు పడుకునే గది కనీసం 6.51 చదరపు మీటర్లు, ఇద్దరిదైతే 10.22 ఉండాలి, అంటే మన లెక్కలో సుమారు 70 చదరపు అడుగులు, 110 చదరపు అడుగులు. ఆరుగురిని కుక్కే ఓనర్ మీ పేరు మీద అగ్రిమెంట్ రాయడు. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. కాగితం మీద పేరు లేకపోతే డిపాజిట్ ఇచ్చినట్టు రుజువు చేయడం కష్టం, బ్యాంకు వాళ్లు అడ్రస్ ప్రూఫ్ అడిగితే చూపించడానికేం లేదు, రేపు పొమ్మంటే ఎదురు చెప్పడమూ కష్టమే. ఒక్క డాక్టర్ విషయంలో మాత్రం వెనకాడకండి, జీపీ, అంటే మీ ఏరియా ఫ్యామిలీ డాక్టర్, దగ్గర పేరు నమోదు చేసుకోవడానికి అడ్రస్ ప్రూఫ్ తప్పనిసరి కాదు, అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టే హెల్త్ సర్‌చార్జ్ మీరు వీసాతోనే కట్టేశారు.

గది చూసేటప్పుడు కిటికీ చూడండి, గోడ మూలల్లో నల్లటి బూజు ఉందేమో చూడండి. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. కిటికీ లేని గదిలో నిద్ర లేచి, చీకట్లో కాలేజీ నుంచి తిరిగొచ్చి, తడి బట్టలు ఆరని ఆ గదిలోనే మళ్లీ కూర్చుంటే ఎంత ధైర్యవంతులకైనా మనసు కుంగిపోతుంది. నాకు జరిగింది. వారం పాటు క్లాసుకి వెళ్లలేదు, ఎందుకు వెళ్లలేదో నాకే తెలీలేదు.

అద్దె టెన్షన్‌లో ఇంకో తప్పు చేస్తారు. డిగ్రీ, మాస్టర్స్ వాళ్లకి క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటల పనికే అనుమతి, సొంతంగా వ్యాపారం చేయడానికి స్టూడెంట్ వీసా ఒప్పుకోదు. ఇంకొకరి అకౌంట్ మీద ఫుడ్ డెలివరీ చేస్తే ఏమవుతుందిలే అనుకుంటారు. వీసాయే పోతుంది తమ్ముడూ. దానికి బదులు కొంచెం దూరంగా, అద్దె తక్కువ ఉన్న చోట గది చూసుకోండి. బస్సులు, రైళ్లలో వాడే స్టూడెంట్ ఆయిస్టర్ కార్డు తీసుకుంటే వారం పాసు, నెల పాసు మీద 30 శాతం తగ్గుతుంది.

వెనక కూర్చున్న అమ్మలూ, నాన్నలూ, మీకు ఒక్క మాట. మొదటి నెలలో "పార్ట్‌టైమ్ దొరికిందా" అని అడక్కండి. వీడియో కాల్ చేసి, ఫోన్ తిప్పి గది మొత్తం చూపించమనండి. మా నాన్న ఐదో నెలలో, సంక్రాంతి రోజు అడిగారు. నేను కెమెరా తిప్పలేక చాలాసేపు ఏదేదో మాట్లాడాను. చివరికి చూపించాను. నేల మీద నా పరుపు, దాని పక్కన ఇంకో ఐదు. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "వేరే గదికి ఎంతవుతుందో కనుక్కో, రేపు పంపిస్తాను" అన్నారు. ఆ వారంలోనే మారాను. కొత్త గది చిన్నదే, కానీ కిటికీ వీధి వైపు ఉండేది, అగ్రిమెంట్ మీద నా పేరుండేది.