చేతి కట్టు మీద సంతకం

శ్రోతలకు నమస్కారం. అమెరికాలో డబ్బు తీసుకుని ఆడే బాక్సింగ్ పోటీలకు కాపలా ఎవరన్నది ఈ పూట సంగతి. నియమాల జాబితా చదివితే మీకు నిద్ర వస్తుంది. అందుకని ఒక బాక్సర్ వెంట నాలుగు రాష్ట్రాలు తిరిగి వద్దాం.

2009 జనవరి 24, లాస్ ఏంజలెస్. డ్రెస్సింగ్ గదిలో మెక్సికో బాక్సర్ ఆంటోనియో మార్గరిటో చేతులకు అతని శిక్షకుడు కట్లు కడుతున్నాడు. గ్లవ్స్ తొడిగే ముందు పిడికిలికి గాజుగుడ్డ చుట్టి, పైన టేపు వేస్తారు. వేలి ఎముకలు విరగకుండా ఉండటానికే ఆ కట్టు. బాక్సర్లకు లైసెన్సులిచ్చి పోటీల మీద కన్నేసి ఉంచే రాష్ట్ర అథ్లెటిక్ కమిషన్ ఇన్‌స్పెక్టర్ దగ్గరే ఉండి చూడాలి, కట్టు పూర్తయ్యాక టేపు మీద పెన్నుతో సంతకం చేయాలి. ఎదుటి పక్షం మనిషి కూడా చూడవచ్చు. ఆ రోజు ప్రత్యర్థి షేన్ మోస్లీ శిక్షకుడు నజీమ్ రిచర్డ్‌సన్ నిలబడి చూస్తున్నాడు. అతనికి ఏదో తేడా కనిపించింది. పట్టుబట్టి విప్పించాడు. లోపల పెట్టిన మెత్త గట్టిపడి ఉంది. తరువాత ప్రయోగశాలలో పరీక్షిస్తే అందులో కాల్షియం, గంధకం తేలాయి. వినాయక చవితి విగ్రహాల పుణ్యమా అని మనకు బాగా తెలిసిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ఉండేవి అవే.

పట్టుకున్నది ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ కాదు, ఎదుటి పక్షం మనిషి. ఈ ముక్క గుర్తుంచుకోండి.

కొత్త కట్లతో బరిలోకి దిగిన మార్గరిటో తొమ్మిదో రౌండ్‌లో ఓడిపోయాడు. ఫిబ్రవరిలో కాలిఫోర్నియా కమిషన్ అతని లైసెన్సు రద్దు చేసింది. లోపల ఏముందో తనకు తెలియదని అతను చెప్పినా కమిషన్ వినలేదు. లైసెన్సు లేకపోతే ఆట లేదు, ఆట లేకపోతే కూడు లేదు. కమిషన్‌కు జైల్లో పెట్టే అధికారం లేదు. దాని చేతిలో ఉన్న ఆయుధమల్లా ఆ కాగితమే.

అయితే ఆ కాగితం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే ఇస్తుంది. న్యూయార్క్ 1920లో వాకర్ చట్టంతో తన కమిషన్‌ను పెట్టుకుంది. కాలిఫోర్నియా 1924లో ప్రజల ఓటుతో పెట్టుకుంది. దేశమంతటికీ ఒకే కమిషన్ ఇప్పటికీ లేదు. కేంద్రం 1996లో ఒక చట్టం, 2000లో ముహమ్మద్ అలీ పేరిట మరొకటి చేసింది. రింగు పక్కన డాక్టరు ఉండాలని, ఆటగాడికి బీమా ఉండాలని, ఒక రాష్ట్రం సస్పెండ్ చేసినవాడిని మరో రాష్ట్రం ఆడించకూడదని అవి చెబుతాయి. అమలు చేయాల్సింది మాత్రం రాష్ట్రాలే.

ఏడాది గడిచింది. మార్గరిటో మొదట నెవాడా తలుపు తట్టాడు. 2008లో మిగెల్ కోటో అనే బాక్సర్‌ను అతను చితకబాదింది ఆ రాష్ట్రంలోని లాస్ వేగస్‌లోనే. ఆ నాటి కట్టులో ఏముందోనని కోటో మనుషులకు అనుమానం పట్టుకుంది, అది రుజువు కాలేదనుకోండి. ముందు కాలిఫోర్నియాలో తేల్చుకుని రమ్మంది నెవాడా. 2010 ఆగస్టులో కాలిఫోర్నియా మళ్లీ కుదరదంది. కొద్ది రోజులకే టెక్సస్ లైసెన్సు ఇచ్చేసింది!

టెక్సస్‌లో బాక్సింగ్‌కు ప్రత్యేక కమిషన్ లేదు. క్షౌరశాలల్లో పనిచేసేవారికి, ఎలక్ట్రీషియన్లకు లైసెన్సులిచ్చే శాఖే బాక్సర్లకూ ఇస్తుంది. డాలస్‌లో మనవాళ్ల ఇళ్లకు వచ్చే ఏసీ కాంట్రాక్టరు లైసెన్సు కూడా దానిదే. ఆ డాలస్ పక్కనే, ఆర్లింగ్టన్‌లో, నవంబరు 13న నలభై వేల మందికి పైగా జనం ముందు మానీ పక్వియావో మార్గరిటోను పన్నెండు రౌండ్లు కొట్టాడు. కుడి కంటి చుట్టూ ఉన్న ఎముక విరిగింది. ఆపమన్నట్టు కొట్టేవాడే రిఫరీ వైపు చూశాడు. రిఫరీ ఆపలేదు.

టెక్సస్ తప్పు చేసిందా అంటే, చట్టప్రకారం కాదు. ఏడాది రద్దు గడువు అప్పటికే ముగిసింది. కానీ పెద్ద పోటీ వస్తే హోటళ్లు నిండుతాయి, టికెట్ల మీద రాష్ట్రానికి పన్ను వస్తుంది. కాపలా కాయాల్సిన చెయ్యే గల్లా పెట్టె మీద కూడా ఉంటుంది. నాకు కొరుకుడు పడనిది ఇదే.

ఇది మార్గరిటోతో మొదలైందీ కాదు. 1997లో ప్రత్యర్థి హోలీఫీల్డ్ చెవి కొరికిన మైక్ టైసన్‌కు నెవాడా ముప్పై లక్షల డాలర్ల జరిమానా వేసి లైసెన్సు రద్దు చేసింది. మరుసటి ఏడాది తిరిగి ఇచ్చింది. 2002లో మళ్లీ నిరాకరిస్తే అతను ఆడాల్సిన పోటీ టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌కు తరలిపోయింది.

మార్గరిటో చివరికి న్యూయార్క్ చేరాడు. 2011 డిసెంబరులో, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, అదే కోటోతో. దెబ్బతిన్న ఆ కన్ను చూసి అక్కడి కమిషన్ జంకింది. తమ తరఫు కంటి వైద్యుడి చేత పరీక్ష చేయించాకే, పోటీకి కొద్ది రోజుల ముందు లైసెన్సు ఇచ్చింది. తొమ్మిది రౌండ్లు అయ్యేసరికి ఆ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఇంకా ఆడతానని అతను బతిమాలాడు. డాక్టరు ఆపించేశాడు.

అంత జాగ్రత్త చూపిన న్యూయార్క్‌లోనే, అదే భవనంలోని చిన్న హాలులో, 2013 నవంబరు 2న రష్యా బాక్సర్ మగొమెద్ అబ్దుసలామొవ్ పది రౌండ్లు దెబ్బలు తిన్నాడు. ఆసుపత్రికి అంబులెన్సులో కాదు, వీధిలో ఆపిన టాక్సీలో వెళ్లాడు. మెదడులో రక్తం గడ్డకట్టింది. ప్రాణం దక్కింది గానీ మళ్లీ మామూలు మనిషి కాలేదు. 2017లో రాష్ట్రం ఆ కుటుంబానికి రెండు కోట్ల ఇరవై లక్షల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. అంతకు ముందే, 2016లో, మెదడుకు ప్రాణాంతకమైన గాయమైతే పది లక్షల డాలర్ల చికిత్స బీమా ఉండాలని న్యూయార్క్ చట్టం చేసింది. అంత ప్రీమియం కడితే తమకేం మిగులుతుందని పోటీలు ఏర్పాటు చేసే చిన్న ప్రమోటర్లు గోల పెట్టారు. నమస్కారం.